పోలీస్ స్టేషన్లో పని జరగలేదా? ఎవరికి చెప్పాలి, ఏ కాగితం పెట్టాలి: విజయవాడ, గుంటూరు వాళ్ళ కోసం

విజయవాడలో కోర్టుల దగ్గర మాదొక చిన్న డీటీపీ షాపు. రెండు కంప్యూటర్లు, ఒక జెరాక్స్ మెషిన్, బయట ఒక బల్ల. పోలీసుల మీద అర్జీ టైప్ చేయించుకోవడానికి వచ్చేవాళ్ళు లేని వారం ఉండదు. వాళ్ళు చెబుతుంటేనే చాలాసార్లు తెలిసిపోతుంది, ఈ అర్జీతో పని కాదని. కష్టం అబద్ధమని కాదు. రెండు పేజీల నిండా కోపం ఉంటుంది, స్టేషన్‌కి ఏ రోజు వెళ్ళారో మాత్రం ఉండదు. "చాలాసార్లు తిరిగాము, పట్టించుకోలేదు" అని రాస్తే పై అధికారి కింద స్టేషన్‌కి ఫోన్ చేసి అడుగుతాడు, "అసలు రానేలేదు సార్" అంటారు, కథ అక్కడితో సరి.

మా మామయ్య బండి పోయినప్పుడు నేనే ఈ తప్పు చేశాను, షాపు పెట్టుకుని కూర్చుని కూడా. ఆదివారం రాత్రి పెళ్ళికెళ్ళి కల్యాణ మండపం బయట బండి పెట్టాడు, భోంచేసి తాంబూలం తీసుకుని వచ్చేసరికి లేదు. దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్తే "మండపం కాలువకి అవతలుంది కదా, అది మా లిమిట్స్ కాదు" అన్నారు. అవతలి స్టేషన్‌కి వెళ్తే "తెలిసినవాళ్ళెవరో తీసుకెళ్ళుంటారు, రెండ్రోజులు చూడండి పెద్దాయనా" అన్నారు. ఆయన నిజంగానే మూడు రోజులు చూశాడు! ఎఫ్‌ఐఆర్ అయ్యేసరికి పదకొండో రోజు. మధ్యలో ఏం చేశామో, ఏం చేసుండాల్సిందో కలిపి వరసగా చెబుతాను.

ముందు మీ గొడవ ఏమిటో ఒక్క ముక్కలో చెప్పండి

"పోలీసులు సరిగ్గా పని చేయట్లేదు" అన్నది ఫిర్యాదు కాదు. వాళ్ళు చేయాల్సిన ఏ పని చేయలేదో అది ఫిర్యాదు. ఎఫ్‌ఐఆర్ కట్టలేదా, కట్టి కాపీ ఇవ్వలేదా, కేసు కట్టి నెలలైనా ఏం జరిగిందో చెప్పట్లేదా, దొంగతనాన్ని "పోగొట్టుకున్నాను" అని రాయించారా, స్టేషన్లో కూర్చోబెట్టి రాజీ పంచాయితీ చేస్తున్నారా, తిట్టారా, కొట్టారా, డబ్బులడిగారా. ఒక్కోదానికి ఒక్కో దారి. డబ్బులడిగితే ఏసీబీ, కొడితే మానవ హక్కుల కమిషన్, కోర్టు. మిగతావన్నీ ముందు డిపార్ట్‌మెంట్ లోపలే, మెట్టు మెట్టుగా. అన్నీ కలిపి ఒకే అర్జీలో కుక్కితే ఎవరి పని వాళ్ళు పక్కోడి మీదకు తోసేస్తారు.

ఇంకో మాట, ఇది కొంతమందికి నచ్చదు. అన్ని సందర్భాల్లో తప్పు స్టేషన్‌దే కాదు. పోలీసులు తమంతట తాము కేసు కట్టి దర్యాప్తు చేయగలిగే నేరాలు వేరు, మేజిస్ట్రేట్ ఆర్డర్ లేకుండా దర్యాప్తు చేయలేనివి వేరు. రెండో రకానికి, అంటే నాన్ కాగ్నిజబుల్‌కి, మీరు చెప్పింది పుస్తకంలో రాసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరకు పంపడమే వాళ్ళ పని. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టాల్లో ఐదు వేల రూపాయల లోపు విలువున్న వస్తువు దొంగతనం కూడా ఈ లెక్కలోకే వచ్చింది. కాబట్టి పోయిన ఫోన్ విలువ, బిల్లు చాలా ముఖ్యం. పన్నెండు వేలు పెట్టి కొన్న ఫోన్‌ని "పాత ఫోనే కదా" అని మీరే అనేస్తే మీ కేసు మీరే తగ్గించుకున్నట్టు.

అలాగే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి తీసుకుని, 14 రోజుల్లోపు ప్రాథమిక విచారణ చేసి అప్పుడు కేసు కట్టే వీలు పోలీసులకు ఇచ్చారు. "విచారణలో ఉంది" అని మీకు చెబితే అది అబద్ధం కాకపోవచ్చు. కానీ అడగండి: డీఎస్పీ గారి అనుమతి ఏ తేదీన తీసుకున్నారు సార్? ఈ ఒక్క ప్రశ్నకి మాట మారిన సందర్భాలు నేను చూశాను. విజయవాడలో డీఎస్పీ ఉండరు, అదే స్థాయిలో ఏసీపీ ఉంటారు.

స్టేషన్ దగ్గర చేయాల్సింది చేయకుండా పైకి వెళ్ళొద్దు

నోటి మాటగా చెప్పి వచ్చేయకండి. చట్ట ప్రకారం నోటితో చెప్పినా వాళ్ళు రాసుకుని, మీకు చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి, అది నిజమే. కానీ స్టేషన్ రైటర్ "సరే రేపు రండి" అన్నాక మీ చేతిలో ఏముంది? ఏమీ లేదు. తెల్ల కాగితం మీద రాసి రెండు కాపీలు పట్టుకెళ్ళండి. ఒకటి వాళ్ళకి, రెండో దాని మీద స్టేషన్ ముద్ర, తేదీ, తీసుకున్నవాళ్ళ సంతకం. ముద్ర వేయకపోతే గొడవ పడొద్దు. గొంతు పెంచితే కథ మీ మీదకు తిరుగుతుంది. బయటికొచ్చి ఎవరు డ్యూటీలో ఉన్నారు, ఎన్ని గంటలకు వెళ్ళారు, ఏమన్నారు అన్నది ఫోన్లో రాసుకుని, అదే కాగితాన్ని అదే రోజు స్టేషన్ హౌస్ ఆఫీసర్ పేరున పోస్టులో పంపండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి ఇప్పుడు స్పీడ్ పోస్టే, దానికే కొంచెం అదనంగా కట్టి రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు అడిగి తీసుకోవాలి. కౌంటర్‌లో ఇచ్చిన రసీదు ఫొటో తీసి పెట్టుకోండి, ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్ళకే మాసిపోతాయి.

మామయ్య విషయంలో గురువారం నాడు నేను రాసిన కాగితం స్టేషన్లో చేతులు మారింది తప్ప ముద్ర పడలేదు. శుక్రవారం పోస్ట్ చేశాం. ఆ పోస్ట్ రసీదే తర్వాత మమ్మల్ని ఆదుకుంది, అది చివర్లో చెబుతాను.

"మా పరిధి కాదు" అన్న మాటకి సమాధానం జీరో ఎఫ్‌ఐఆర్. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం తీసుకోవాల్సిందేనని పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ చెబుతోంది. నంబరు బదులు సున్నాతో కట్టి తర్వాత అసలు స్టేషన్‌కి పంపుతారు. గుంటూరు బస్టాండులో ఎక్కి విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో దిగాక బ్యాగ్ పోయిందని చూసుకున్నారనుకోండి. ఎక్కడ పోయిందో మీకెలా తెలుస్తుంది? మంగళగిరిలోనా, తాడేపల్లిలోనా, వారధి మీదా? అది తేల్చడం మీ పని కాదు. అదే సెక్షన్ కింద మెయిల్ లాంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ సమాచారం పంపొచ్చు, కాకపోతే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి, మర్చిపోతే అది ఎక్కదు.

కేసు కడితే ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. జెరాక్స్ ఖర్చులని కూడా అడగకూడదు. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో ఆన్‌లైన్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, మన రాష్ట్ర పోలీసుల పౌర సేవల వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. "కట్టాం, రేపొచ్చి తీసుకెళ్ళండి" అంటే ఇంటికొచ్చి ముందు అక్కడ వెతకండి.

ఇక ఆడవాళ్ళ మీద జరిగే నేరాలు. అత్యాచారం, లైంగిక దాడి, బట్టలు లాగడం, యాసిడ్ దాడి లాంటి వాటిలో ఫిర్యాదు నమోదు చేయని అధికారి తానే నేరం చేసినట్టు లెక్క. భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి రెండేళ్ళ వరకు కఠిన శిక్ష, జరిమానా. ఈ కేసుల్లో సమాచారం రాసుకోవాల్సింది కూడా మహిళా అధికారే. ఈ సెక్షన్ నంబరు అర్జీలో ఒక్కసారి కనిపిస్తే చాలు, పది సార్లు రాయక్కర్లేదు.

అర్జీ రాయడం

అసలు పనంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఆగి చెబుతాను. పోయిన నెల ఒకావిడ తెచ్చిన అర్జీలో మొదటి వాక్యం ఇలా ఉంది: "సదరు స్టేషన్ వారు అవతలి పార్టీతో కుమ్మక్కై మాకు అన్యాయం చేయుచున్నారు." ఏమ్మా, కుమ్మక్కయ్యారని ఎలా తెలుసు అంటే "అందరూ అంటున్నారండీ" అంది. అది కొట్టేసి, ఆవిడ స్టేషన్‌కి వెళ్ళిన మూడు తేదీలు, ప్రతిసారీ ఎవరు ఏమన్నారో రాశాం. చదివితే కుమ్మక్కు సంగతి చదివినవాళ్ళకే అనుమానం వస్తుంది, మనం అననక్కర్లేదు. నిరూపించలేని మాట రాస్తే విచారణాధికారి దాన్నే పట్టుకుని "ఆరోపణలు నిరాధారం" అని మొత్తం మూసేస్తాడు. తెలిసీ అబద్ధం రాస్తే తప్పుడు సమాచారం ఇచ్చారని మీ మీదే కేసు పెట్టే వీలుంది.

ఒక పేజీ దాటొద్దు. నేను మామూలుగా ఇలా టైప్ చేస్తాను:

"గౌరవనీయులైన పోలీస్ కమిషనర్ గారికి,

విషయం: ఫలానా తేదీన నా ద్విచక్ర వాహనం దొంగతనంపై ఫలానా స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకపోవడం గురించి.

అయ్యా, నా పేరు, వయసు, చిరునామా, ఫోన్ నంబరు ఇవి. ఫలానా తేదీ రాత్రి సుమారు తొమ్మిదిన్నరకి ఫలానా చోట పార్క్ చేసిన నా బండి, నంబరు ఫలానా, దొంగతనానికి గురైంది. అదే రాత్రి పదిన్నరకి ఫలానా స్టేషన్‌కి వెళ్ళగా తమ పరిధి కాదన్నారు. పదకొండున్నరకి ఫలానా స్టేషన్‌కి వెళ్ళగా రెండు రోజులు ఆగమన్నారు. ఫలానా తేదీన రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదుకు రసీదు ఇవ్వలేదు. మరుసటి రోజు అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో పంపాను, రసీదు జతచేశాను. ఈ రోజు వరకు ఎఫ్‌ఐఆర్ నమోదు కాలేదు.

కోరేది: 173వ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించి కాపీ ఇప్పించగలరు. ఈ ఆలస్యంపై ఆ స్టేషన్‌కి సంబంధం లేని అధికారితో విచారణ జరిపించగలరు. ఆ రెండు స్టేషన్ల ఫలానా తేదీ, ఫలానా సమయాల సీసీ కెమెరా ఫుటేజీని భద్రపరచమని ఆదేశించగలరు."

చివరి రెండు ముక్కలే చాలామంది వదిలేసేవి. సీసీ కెమెరాల గురించి 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు, దేశంలోని ప్రతి స్టేషన్లో లాకప్పు, లోపలికొచ్చే దారి, రిసెప్షన్‌తో సహా కెమెరాలుండాలని, రికార్డింగు 18 నెలలు, అంత సామర్థ్యం లేకపోతే కనీసం ఏడాది దాచాలని చెప్పింది. మీరు వెళ్ళనే లేదని అంటే ఆ ఫుటేజీ సాక్ష్యం. అడగకుండా ఊరుకుంటే అది ఉందో లేదో కూడా తేలదు.

"సంబంధం లేని అధికారితో" అని ఎందుకంటే, పై నుంచి అర్జీ కిందకు దిగుతూ దిగుతూ ఎవరి మీద ఇచ్చామో ఆయన టేబుల్ మీదకే చేరడం మామూలే. వారం తర్వాత ఫోన్ వస్తుంది, "కమిషనర్ గారికి కంప్లైంట్ ఇచ్చారంట, ఒకసారి స్టేషన్‌కి రండి" అని, అదే గొంతు.

ఏ ఆఫీసుకి?

ఇక్కడ మన ఊళ్ళో ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక విజయవాడ కమిషనరేట్ ఎన్టీఆర్ జిల్లా మొత్తానికి వర్తించింది. జగ్గయ్యపేట, నందిగామ, తిరువూరు వాళ్ళు కూడా ఇప్పుడు విజయవాడ సీపీ, అంటే పోలీస్ కమిషనర్ కిందే. కానీ అంతకుముందు సిటీ కమిషనరేట్లో ఉన్న పెనమలూరు, గన్నవరం, కంకిపాడు కృష్ణా జిల్లా ఎస్పీ కిందకు వెళ్ళాయి. కానూరు, పోరంకి వాళ్ళు బెంజి సర్కిల్‌కి పది నిమిషాల దూరంలో ఉండి, అర్జీ మచిలీపట్నం పంపాలన్నమాట. అటు తాడేపల్లి, మంగళగిరి, తెనాలి గుంటూరు ఎస్పీ కిందే. నరసరావుపేట పల్నాడు ఎస్పీ, బాపట్ల బాపట్ల ఎస్పీ. నడిచొచ్చే దూరంలో ఉందని విజయవాడ కమిషనర్ ఆఫీసులో ఇచ్చి, అది అక్కడి నుంచి వేరే జిల్లాకి వెళ్ళేలోపు నెల గడిచిపోయినవాళ్ళున్నారు.

మెట్లు ఇవి. స్టేషన్ పైన విజయవాడలో ఏసీపీ, డీసీపీ, సీపీ. గుంటూరులో డీఎస్పీ, ఎస్పీ, ఆ పైన గుంటూరు రేంజ్ ఐజీ. అన్నిటి పైన మంగళగిరిలో డీజీపీ ఆఫీసు. మొదటే డీజీపీకి పంపితే తొందరగా పనవుతుందనుకుంటారు, అది మళ్ళీ ఎస్పీకే వస్తుంది. నా మటుకు నేను ఏసీపీ లేదా డీఎస్పీని ఒకసారి నేరుగా కలవమంటాను. సగం సమస్యలు అక్కడే తెగుతాయి, ఎందుకంటే స్టేషన్ల రోజువారీ పని చూసేది వాళ్ళే, చిన్న విషయం సీపీ దాకా పోవడం వాళ్ళకీ ఇష్టం ఉండదు.

అక్కడ తెగకపోతే ఎస్పీ లేదా సీపీకి పోస్టులో పంపండి. చేతికిచ్చినా సరే, పోస్టు మాత్రం తప్పనిసరి. ఎందుకంటే స్టేషన్లో కేసు కట్టకపోతే సమాచారాన్ని రాతపూర్వకంగా పోస్టులో ఎస్పీకి పంపాలని, అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్ళొచ్చని 173లోని నాలుగో ఉపసెక్షన్ చెబుతోంది. రేపు కోర్టుకెళ్తే మొదట అడిగేది ఆ రసీదే.

సోమవారం గ్రీవెన్స్

జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం ఇది. ఇదివరకు స్పందన అనేవాళ్ళు, ఇప్పుడు పీజీఆర్ఎస్. సోమవారం సీపీ ఆఫీసులో, ఎస్పీ ఆఫీసుల్లో అర్జీలు తీసుకుంటారు. కలెక్టరేట్లో కూడా జరుగుతుంది కానీ పోలీసు విషయమైతే పోలీసు ఆఫీసుకే వెళ్ళండి. పొద్దున్నే వెళ్ళాలి. లోపల అధికారి ముందు మీకు దొరికేది రెండు నిమిషాలు, మహా అయితే మూడు. మామయ్యకి ఆటోలో పోతూ నేర్పించాను: "సార్, ఫలానా తేదీ బండి పోయింది, రెండు స్టేషన్లు తిరిగాను, ఎఫ్‌ఐఆర్ కట్టలేదు, కట్టించండి." అంతే. లోపలికెళ్ళాక ఆయన పెళ్ళి ఎవరిదో, ఏ మండపమో, ఆ రోజు వంటలెలా ఉన్నాయో మొదలెట్టాడు. నేనే మధ్యలో దూరి కాగితం ముందుకు జరిపాను. సార్ చదివి, ఎర్ర పెన్నుతో పైన రెండు ముక్కలు రాసి, పక్కనున్నాయనకి ఇచ్చారు.

బయటికి వచ్చేముందు అర్జీ నంబరు తీసుకోకుండా కదలకండి. ఫోన్‌కి మెసేజ్ వస్తుందన్నా సరే, కళ్ళతో చూశాకే వెళ్ళండి, అర్జీ మీద తప్పు ఫోన్ నంబరు పడి నెలల తరబడి ఎదురుచూసినవాళ్ళున్నారు. వెళ్ళలేకపోతే మీకోసం వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు, 1100కి ఫోన్ చేసి కూడా నమోదు చేయించొచ్చు, పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడే తెలుసుకోవచ్చు.

ఇప్పుడు అసలు తిరకాసు. కొన్ని రోజుల తర్వాత "మీ అర్జీ పరిష్కరించబడినది" అని మెసేజ్ వస్తుంది. మీ పని కాలేదు, అర్జీ మాత్రం పరిష్కారమైపోయింది! అప్పుడు విసుగొచ్చి వదిలేయకుండా మళ్ళీ తెరవమని, అంటే రీఓపెన్ అడగండి. దానికి కారణం ఒక్క వాక్యంలో: "ఎఫ్‌ఐఆర్ నమోదు కాలేదు, కాపీ నాకు అందలేదు." ఇది ఎందుకు జరుగుతుందంటే విచారణకు పిలిచినప్పుడు మనవాళ్ళు చదవకుండా సంతకం పెడతారు. "విచారణ చేశాం అని రాశాం, ఇక్కడ సంతకం పెట్టండి" అంటారు, లోపల "నాకు పూర్తి సంతృప్తి కలిగినది, తదుపరి చర్య అవసరం లేదు" అని ఉంటుంది. చదవండి, చదవడం రాకపోతే చదివే మనిషిని వెంటబెట్టుకెళ్ళండి. మీ మాట వేరైతే దాని కింద మీ చేతిరాతతో "నా ఎఫ్‌ఐఆర్ ఇంకా నమోదు కాలేదు" అని రాసి అప్పుడు సంతకం, తేదీ.

స్టేషన్‌కి రమ్మన్నప్పుడు అందరూ వెళ్ళక్కర్లేదని కూడా తెలుసుకోండి. దర్యాప్తులో సాక్షిగా పిలిస్తే పదిహేనేళ్ళ లోపు పిల్లల్ని, అరవై దాటిన పెద్దల్ని, ఆడవాళ్ళని, వికలాంగుల్ని, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్ళని వాళ్ళుండే చోట కాకుండా వేరే చోటికి రప్పించకూడదు, వాళ్ళంతట వాళ్ళు వస్తామంటే తప్ప.

కేసు కట్టారు, కదలట్లేదు

దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకి తెలియజేయాలి, ఇది నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్లో చేర్చారు. ఆ గడువు దాటితే ఎఫ్‌ఐఆర్ నంబరు రాసి, "193 ప్రకారం పురోగతి తెలియజేయగలరు" అని రెండు లైన్ల ఉత్తరం. జవాబు రాకపోతే సమాచార హక్కు.

ఆర్టీఐ దరఖాస్తుకి పది రూపాయలు, తెల్ల రేషన్ కార్డు వాళ్ళకి అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దర్యాప్తుకి అడ్డొస్తుందని అనిపించే వివరాలు వాళ్ళు ఆపగలరు, అందుకే కేసు లోతుల గురించి అడగకండి, మీ కాగితం ఏమైందో అడగండి. "ఫలానా తేదీన ఫలానా పోస్టు నంబరుతో అందిన నా ఫిర్యాదు ఏ రిజిస్టర్లో ఏ నంబరుతో ఎక్కింది? దానిపై ఏ తేదీన ఎవరికి అప్పగించారు? తీసుకున్న చర్య నివేదిక కాపీ ఇవ్వండి." ఇలాంటి ప్రశ్నకి కాదని చెప్పడం కష్టం. 30 రోజులు దాటితే మరో 30 రోజుల్లోపు అదే శాఖలో మొదటి అప్పీలు, ఆపైన సమాచార కమిషన్. నా అనుభవంలో ఆర్టీఐ జవాబు రాకముందే ఫైలు కదిలిన సందర్భాలే ఎక్కువ.

కోర్టు

ఎస్పీకి పంపి తగినంత సమయం ఇచ్చినా ఎఫ్‌ఐఆర్ లేకపోతే మీ స్టేషన్ పరిధి మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు వేయొచ్చు. అదే సంహిత 175వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ కింద మేజిస్ట్రేట్ పోలీసుల జవాబు కూడా చూసి దర్యాప్తుకు ఆదేశించగలరు. ప్రమాణ పత్రం, అంటే అఫిడవిట్, తప్పనిసరి. అందులో స్టేషన్‌కి ఎప్పుడిచ్చారో, ఎస్పీకి ఎప్పుడు పంపారో ఉండాలి. ఇప్పటిదాకా కాగితాలు ఎందుకు దాచమన్నానో ఇక్కడ తెలుస్తుంది. సరాసరి నేలపాడు హైకోర్టుకి పరుగెత్తుతామని వస్తారు కొంతమంది. ముందు ఎస్పీ, తర్వాత మేజిస్ట్రేట్ అన్న దారి ఉండగా ఎఫ్‌ఐఆర్ కట్టలేదని నేరుగా హైకోర్టుకి రావద్దని 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాగ్నిజబుల్ నేరం బయటపడితే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనన్న లలితా కుమారి తీర్పు 2013ది, మీ లాయరు దాన్ని ఎలాగూ రాస్తారు.

లాయరు ఖర్చు భరించలేకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్ళు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచితం, మిగతావాళ్ళకి ఆదాయ పరిమితి. గుంటూరులో జిల్లా కోర్టు ఆవరణలో అడగండి, విజయవాడలో కోర్టు కాంప్లెక్స్‌లో మండల కమిటీ ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

డబ్బులడిగితే, కొడితే

డబ్బులడిగితే ఇచ్చి తర్వాత ఏడవద్దు. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతంగా ఇవ్వాల్సివస్తే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేసినవాళ్ళకే మినహాయింపు. ఇవ్వకముందే ఏసీబీకి చెప్పి, వాళ్ళు పట్టుకోవడానికి ఇస్తే మీకు రక్షణ ఉంది. టోల్ ఫ్రీ నంబరు 1064. ఇది ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పకండి, ముఖ్యంగా "నాకు ఏసీబీలో తెలిసినవాళ్ళున్నారు" అని స్టేషన్లో అనకండి. చాలామంది అక్కడే చెడగొట్టుకుంటారు.

కొడితే ముందు ప్రభుత్వ ఆసుపత్రి. గుంటూరులో జీజీహెచ్, విజయవాడలోనూ జీజీహెచ్. ఎవరు కొట్టారో డాక్టరుకి స్పష్టంగా చెప్పి రాయించండి, దెబ్బలు తగ్గాక వెళ్తే ఏమీ ఉండదు. మేజిస్ట్రేట్ ముందు హాజరుపరిస్తే అక్కడే నోరు తెరిచి చెప్పాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు, ఆన్‌లైన్లో పెట్టొచ్చు, ఫోన్ 14433. జరిగిన ఏడాదిలోపు ఇవ్వాలి, దాటితే తీసుకోరు.

"కంప్లైంట్ ఇస్తే మా మీద పగబడతారేమో" అని దాదాపు అందరూ అడుగుతారు. ఆ టెన్షన్ ఉత్తదని నేననను. కానీ కాగితం ఎంతమంది దగ్గర ఉంటే అంత మంచిది. ఒక కాపీ ఏసీపీకి, ఒకటి సీపీకి, ఒకటి ఊళ్ళో వేరే ఇంట్లో. వాట్సాప్ గ్రూపుల్లో ఎస్‌ఐ ఫొటో పెట్టి తిట్టడం మాత్రం వద్దు, దాంతో మీ కేసు పక్కకుపోయి ఆ పోస్టు కేసు ముందుకొస్తుంది.

మామయ్య సంగతి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం, గురువారం మధ్యాహ్నం స్టేషన్ నుంచే ఫోన్ చేసి పిలిచి ఎఫ్‌ఐఆర్ కాపీ చేతిలో పెట్టారు, టీ కూడా ఇచ్చారు. బండి దొరకలేదు. తర్వాత స్టేషన్ నుంచి ఆచూకీ దొరకలేదన్న రిపోర్టు తీసుకుని ఇన్సూరెన్స్‌కి పెడితే, దొంగతనానికీ ఎఫ్‌ఐఆర్‌కీ మధ్య పదకొండు రోజులేంటని కొర్రీ వేశారు. ఐదో రోజు నాటి ఆ పోస్ట్ రసీదు, సోమవారం నాటి అర్జీ నంబరు జత చేసి జవాబు రాశాం, క్లెయిము కదిలింది. అన్నట్టు బండి పోతే రెండు తాళం చెవులూ అడుగుతారు, ఇంట్లో రెండోది ఎక్కడుందో ఇప్పుడే చూసుకోండి. మావాళ్ళు దానికోసం రెండు రోజులు ఇల్లంతా వెతికితే చివరికి పోపుల డబ్బాలో దొరికింది.